సగం ధర మంగళవారం

సూపర్‌మార్కెట్ బిల్లు వెనక కూపన్,
గోరుతో గీసి చింపాను:
మంగళవారం, ఏడులోపు, ఇద్దరికి సగం ధర.
మెండోసా నడిబొడ్డున
తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర
ఎవుసేబియో చేతులు ఒళ్లో దాచుకున్నాడు.

కుర్రాడు గ్లాసు అడుగున రెండు గుక్కలు పోసి
“ఆల్‌బుకారా, తోలు, కాస్త పొగ... తెలుస్తోందా?” అన్నాడు.

మా ఆయన చాలాసేపు నోట్లోనే ఉంచుకుని
“కాలవ పక్క మూడో సాలు.
ఆ ఏడు వడగళ్లు పడ్డాయి.
గంపకో రేకు బిళ్ల ఇచ్చేవాళ్లు”
అని, ఇంకేం అనలేదు.
గ్లాసు నింపించుకున్నాం.

కూపన్ అడుగున చీమ తలకాయంత అక్షరాలు:
వైనుకు వర్తించదు.

వేళ్ల మీద లెక్కేశాను,
ఆనాటి పదకొండు బిళ్లలు.

ఆయన రొట్టెముక్క గ్లాసులో తిప్పి
ఎర్రగా తడిసిందాకా ఆగి
సగం నాకు తుంచాడు.