వాలుగ దవడ

పొందూరులో మా పెద్దమ్మ పారమ్మ
కొండపత్తిని చేప పళ్ళతో దువ్వుతుంది.
శనివారం చేప వండని ఇంట్లో
ఈ దవడకు మాత్రం సెలవు లేదు.
గింజ చుట్టూ పీచు లేచి నిలబడుతుంది,
నూనె రాయని నా జుట్టులా.

"ఎర్రపత్తికి రోసమెక్కువ, సెప్పినట్టు ఇనదు.
పునాసపత్తి పనికొస్తాది, సుట్టపుసూపుకొచ్చిన ఆడపడుచులాగ, ఉన్నన్నాళ్ళే.
కొండపత్తి ఉంది సూడూ, గాలి ఇసిరితే అలిగి ఎలిపోద్ది"
అంటూ ఫ్యాను ఆపేస్తుంది.
రోహిణీ కార్తెలో.

ఏకుల్ని ఎండిన అరటిపట్టలో చుట్టి పెడుతుంది,
చెయ్యి తగిలితే మాసిపోతాయట.

నూరో నెంబరు నూలు పంచె అవుతుంది,
ఎవరో కట్టుకుని వేదికెక్కుతారు.
పొట్టి పీచు దీపం వత్తి.
మిగిలిన తుక్కు మా తలగడల్లోకి.
అందులో ఎప్పుడూ ఒక గింజ దాక్కుంటుంది,
నిద్దట్లో చెవికి తగులుతుంది.

మొన్న విజీనారం నుంచి మిల్లు తువ్వాలు తెచ్చాను.
వేళ్ళ మధ్య నలిపింది, వాసన చూసింది.
"మెత్తగానే ఉందిలే.
గానీ, దీన్ని ఎవులు దువ్వినారే గుంటా?"

నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను.
ఆమె దాన్ని నాలుగు మడతలేసి
రాట్నం కాళ్ళ కింద పెట్టేసింది,
కిర్రుమనకుండా.