మూడున్నర సీసీ

జహ్రాలో మా షెడ్డుకు శుక్రవారం సెలవు.
షట్టరు సగం ఎత్తి, ఆ సందులోంచి వచ్చే గాలికి కూర్చున్నా.
నాయిఫ్ వచ్చాడు, కఫీల్ చిన్న కొడుకు, పదమూడేళ్ళవాడు.
చంకలో ఎర్ర ట్రక్కు, ఇంకో చేతిలో అట్టపెట్టె.
"ఉబైల్" అంటాడు నన్ను.
ఓబులేసుకు వాడి నోట్లో చోటు చాలదు.
"సైలెన్సరు మార్చు. ఇది అరవట్లేదు."

పదకొండేళ్ళుగా నాకు ఇదే పని:
ల్యాండ్ క్రూజర్ల కింద వెల్లకిలా పడుకుని
తొడంత గొట్టాలు విప్పడం, అతకడం,
కళ్ళలో తుప్పు రాలుతుంటే
కనపడని నట్టును వేలితో చదవడం.
ఇక్కడేమో ఇంజను మొత్తం నిమ్మకాయంత.
నేను పడుకోలేదు, దాన్నే పడుకోబెట్టాను,
కాళ్ళు చాపి, కాళ్ళ మీద,
పసిపిల్లకు నలుగు పెట్టేటప్పటిలా.

స్ప్రింగు లాగితే ఎగిరి ఎక్కడో పడింది.
ఇద్దరం మోకాళ్ళ మీద వెతికాం,
కఫీల్ కొడుకూ నేనూ, ఒకే నూనె మరకల నేల మీద,
ఓ పావుగంట.
నా చెప్పు కిందే ఉంది.

కొత్తది మెరుస్తోంది,
గుడ్డు మింగి ఇంకా అరగని పాములా.
కాగితం నిండా జపాను మాటలు. బొమ్మలు చాలు నాకు.
రబ్బరు జాయింటు దగ్గర అరంగుళం ఆట ఉంది:
దగ్గరికి తోస్తే వేగం, దూరం లాగితే బలం.
రెండూ కావాలంటాడు వాడు.
"రెండూ ఇవ్వగలిగితే ఈ షెడ్డులో ఎందుకుంటారా" అన్నాను తెలుగులో.
అరబ్బీలో మాత్రం,
"ఇసుక మెత్తన. బలమే మేలు."

చివరికి సేమ్యా పోగులాంటి చిన్న పైపు,
పొగగొట్టం నుంచి మళ్ళీ ట్యాంకు మూతకు.
బయటికి పోయే పొగలో పిసరంత వెనక్కి మళ్ళి
చమురును నొక్కాలట.
అది రాకపోతే ఇంజనుకు గుటక దిగదు.
పెద్ద బండ్లలో ఇది చూళ్ళేదు.
పట్టుకుని అలాగే ఉండిపోయాను.
"ఏమైంది?" అన్నాడు.
"ఏం లేదు. బిగిస్తున్నా."

సాయంత్రం షెడ్డు పికప్పులో ముత్లా వైపు.
తాడు లాగితే దగ్గింది. మళ్ళీ లాగితే మళ్ళీ దగ్గు.
సూది స్క్రూ పావు చుట్టు తిప్పి,
దేవుణ్ణి కాదు, దాన్నే ఒక తిట్టు తిట్టి లాగాను.
అరిచింది!
కందిరీగల తుట్టె మీంచి తపేలా ఎత్తేసినట్టు.
నాయిఫ్ నవ్వు కనబడింది, వినబడలేదు.

నాకు తగిలింది మోత కాదు, వాసన.
నీలి పొగ మొహాన కొట్టగానే ఆముదం!
ఇంధనం డబ్బా తిప్పి చూశాను,
మూల మీద ముళ్ళ కాయ బొమ్మ, అదే.
నెలకోసారి మా పెద్దమ్మ ముక్కు మూసి పోసేది,
నేను ఉమ్మేది, ఆమె మళ్ళీ పోసేది.
అదే ఆముదం గడ్డిబూడిదలో నూరి
బండి ఇరుసుకు కందెన పెట్టేవాళ్ళం.
ఇక్కడ మండుతోంది, నిమిషానికి ముప్పై వేల చుట్లు.
ఏ చెట్టూ లేని చోట ఆముదమే మహావృక్షం,
ఎవరో వెక్కిరించడానికే అన్న మాట.
చుట్టూ చూశాను.
చెట్టు లేదు. వెక్కిరించేవాడూ లేడు.

వాడు మాత్రం ఆగడే.
దిబ్బ దాటించాడు, రేడియో అందని దూరం.
మోత టక్కున తెగింది.
చీకటి ఇసుక లోంచే పైకి వచ్చినట్టు వచ్చింది.
ఫోను లైట్లు పట్టుకుని వాడు అటు,
నేను గాలికెదురు, ముక్కు ముందు పెట్టుకుని.
ఒకచోట డీజిలు, ఒకచోట ఒంటె పేడ,
ఆ తర్వాత, సన్నగా, పెద్దమ్మ గిన్నె.

తిరగబడి ఉంది, నాలుగు చక్రాలూ ఆకాశానికి.
"గొట్టం ఊడలేదుగా?" వెనకనుంచి అరిచాడు.
ఊడలేదు. వేలు కాలింది.
నోట్లో పెట్టుకుంటే అదే వెగటు.
ఉమ్మలేదు.