ఏడో తరగతి ఓడ

బరంపురం స్టేషన్లో ఎక్కించుకున్న బస్సు
ఊళ్ళోకి రాలేదు.
చికిటి రోడ్డు మీద బడి దగ్గర దింపేసి
రివర్సులో, ఆ రివర్సులోనే, చాలా దూరం పోయింది.
పదకొండు మందిమి. పదకొండు సూరత్ సంచులు.
నా సంచి జిప్పు తెగితే మగ్గం దారంతో కుట్టుకున్నాను,
గేటుకి తాళం వేస్తూ చౌకీదారు ఆ కుట్టు వంకే చూసేడు.

ఏడో తరగతి గది మాకిచ్చేరు.
వరండా గోడ మీద పిల్లలు వేసిన రాకెట్టు,
కింద జంతికల్లా గుండ్రంగా ఒడియా అక్షరాలు.
తోక నుంచి నిప్పు నీలంగా వస్తోంది,
ఎరుపు రంగు అయిపోయినట్టుంది.
మూడు కిటికీలు దానికి. మొహాలు లేవు.
"ఓడెక్కేసేం రా," అన్నాడు కూర్మయ్య మేస్త్రి,
"ఇక దిగడం మన సేతుల్లో లేదు."
నవ్వేం. మొదట్లో అందరం ఓడ అనే అన్నాం:
ఓడలో నీళ్ళు అయిపోయేయి, ఓడలో దోమలు,
భూమ్మీద నుంచి పప్పన్నం వచ్చింది.
భూమి అంటే ముళ్ళకంచె అవతల,
మా ఇళ్ళ పొయ్యిల పొగ కనబడేంత దూరం.

తొమ్మిదో రోజు
కంచె మీంచి మాకు మజ్జిగ అందించిన బాయమ్మ పోయింది.
ఆ సాయంత్రం మైకు పట్టుకుని సర్పంచి వచ్చేడు.
ముందు ఒడియాలో అన్నాడు, గవర్మెంటు లాగ.
తరవాత తెలుగులో, మేనమామ లాగ:
"ఎవుడు తెచ్చేడో మీలో మీరే తేల్సండి.
ఆడొక్కడూ వరండాలో ఉంటాడు.
మిగతావోళ్ళకి రేపట్నుంచి
ఇళ్ళ కాడి కేరేజీలు రానిస్తాం."

మీకు తెలుసో లేదో,
పవర్‌లూమ్ షెడ్డులో మాట వినబడదు.
పన్నెండు గంటల షిఫ్టు, నూట ఇరవై మగ్గాల రొద.
పెదాలు చూసి చదువుకుంటాం.
అప్పు, బూతు, కూతురు పుట్టిన కబురు, చావు కబురు,
అన్నీ చప్పుడు లేకుండానే.
ఏడాది పడుతుంది అది రావడానికి.
గుంటడు ఖగపతి మాలో చేరి రెండు నెల్లే.

అందుకని వాడి ఎదురుగానే విచారణ జరిగింది.
బెంచీల మీద మేం, మాస్టారి కుర్చీలో మేస్త్రి.
మధ్యలో వాడు, వంటశాల బొగ్గుముక్కతో
నేల మీద ఏవో గీసుకుంటూ.
భుసావల్లో ఎవరికో సీసాలో నీళ్ళు పోసేడు, అన్నాడు ఢిల్లేసు.
ఆ సీసాయే మళ్ళీ తాగేడు, అన్నాడు ఇంకొకడు.
దగ్గు? అన్నాయి మేస్త్రి పెదాలు.
రాత్రి రైల్లో ఎవరో దగ్గేరు.
గోడ మీద బల్లి టిక్కుమంటే వినబడింది.
మేస్త్రి ఒక్కో మొహమే చూసుకుంటూ వచ్చేడు,
నా దగ్గర ఆగేసరికి నేనన్నాను, వాడే.
పెదాలు కలవనక్కరలేని రెండు అక్షరాలు.

వాడు తలెత్తేడు.
"అందరూ ఏటన్నా, దేవుడికి మొక్కుతన్నారా?"
పైకి మాట్లాడింది మేస్త్రి ఒక్కడే:
"వరండాలో తొంగో బాబూ, గాలి బాగుంటది."
"అవునన్నా, ఇక్కడ ఒకటే ఉక్క,"
అని చాప చుట్టుకుని పోయేడు, మా అందరి కంటే ముందు
తనకి దొరికిందన్న సంతోషంతో.

మర్నాడు కేరేజీలు వచ్చేయి.
మా ఇంటిది చేపల పులుసు, పచ్చి చింతకాయ వేసినది.
మూడో ముద్ద దగ్గర దగ్గొచ్చింది,
రాయపూర్ దాటేక మొదలైన ఆ దగ్గే.
తువ్వాలు నోట్లో కుక్కుకుని వరండాలోకి పోయేను.

గుంటడు నిద్రపోతున్నాడు.
రాకెట్టు కిటికీల్లో బొగ్గుతో మొహాలు వేసేడు,
చనక్కాయలో గింజల్లా ఇరుక్కుని పది.
తనకి చోటు సరిపోలేదేమో.
మేస్త్రి మీసం పట్టేసేడు. ఢిల్లేసు చెవిపోగు కూడా.
అందరి నోళ్ళూ ఒక్కో అడ్డగీత.
నాది మాత్రం తెరిచి ఉంది, సున్నా లాగ,
దానికి అడ్డంగా ఓ పిడికిలి.

తువ్వాలు తడిపి తుడిచేను.
బొగ్గు పోలేదు.
నోరు కాస్త పెద్దదయింది.