యాది లేని రూపాయి

మక్తల్ బడిల తొమ్మిదో తరగతి, బి సెక్షన్.
ఇంటికాడ రూపాయి బిళ్ళను వందసార్లు ఎగరేసి
పడ్డది పడ్డట్టు రాసుకరమ్మన్న.

తెల్లారి నలభై ఒక్క కాగితాలు.
బొమ్మ, బొరుసు, బొమ్మ, బొమ్మ, బొరుసు...
ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ కాకుండ
పెండ్లి బంతిల వడ్డించినట్టున్నయి.
ఏ కాగితంల చూసినా
మూడుకు మించి వరుసగ ఒక్కతీరు పడలే.
కురుమూర్తిదైతే సరిగ్గ యాభై, యాభై.
"ఎగరేసినవా?" అంటే
"ఎగరేస్తే గిట్లనే వస్తది గద సార్!"
రూపాయి మీద వానికి అంత నమ్మకం.

గౌసియా కాగితం మీద మాత్రం ఒకచోట
రబ్బరు రుద్దిన మసక.
కిటికీ వెలుతురుకు పట్టి చూసిన.
వరుసగ ఎనిమిది బొమ్మలు.
నాలుగోదీ ఏడోదీ చెరిపి బొరుసులు చేసింది.
"నిజంగ అట్లనే వడ్డయి సార్.
రాస్తే మీరు నమ్మరని..."

అబద్ధం తీరుగున్న నిజాన్ని
నిజం తీరుగున్న అబద్ధంగ దిద్దుకొచ్చిన పిల్లకు
ఎన్ని మార్కులెయ్యాలె?

నా జేబుల బిళ్ళ తీసి ఎగరేసిన.
బొమ్మ. బొమ్మ. బొమ్మ. బొమ్మ.
వెనక బెంచీలు లేచి నిలబడ్డయి.
"ఇగ బొరుసే! దాని వంతే!"
బొమ్మ.

రూపాయికి యాది ఉండదన్న.
వంతులూ బాకీలూ మనయి, దానియి కావన్న.
బోర్డు మీద రాసిన గూడ.

అప్పుడు లేచింది మణెమ్మ,
జూన్ నుంచి ఒక్కసారి నోరు తెరవని పిల్ల.
"యాది లేనిది
వెయ్యిసార్లకు సగం దగ్గరికి ఎట్లొస్తది సార్?
ఎవరు సరిజేస్తరు?"

సుద్దముక్క చేతిలనే ఆగింది.
పదహారేండ్ల నౌకరిల ఈ మాట ఎవరూ అడుగలే,
నన్ను నేను గూడ.
"ఎవరూ సరిజెయ్యరు బిడ్డా"
వెతుక్కుంట చెప్పిన,
"జూరాలల చెంబెడు ఎర్రమన్ను నీళ్ళు పోస్తే
ఎవరన్న ఏరి తీస్తరా?
అండ్లనే ఉంటయి. కనపడవు, అంతే."
తరగతి తలూపింది. మణెమ్మ ఊపలే.

గంట కొట్టినంక వరండాల కురుమూర్తి,
బిళ్ళ మీద మూడుసార్లు ఊది
ఎగరేస్తున్నడు.

సందెల బస్టాండుల నిలబడ్డ.
మూడు రాయిచూరు బస్సులు పోయినయి వరుసగ.
ఇగ వచ్చేది నారాయణపేటదే అనుకున్న,
అనుకోని నాలుక కరుచుకున్న.

దూరంగ రెండు లైట్లు.
బోర్డు ఇంక కనపడ్తలేదు.