వెలుగు బల్ల

పొద్దున పది దాటినా
ఈ ఊళ్ళో సూర్యుడు డ్యూటీకి రాడు.
నవంబరులో కొండ వెనక్కి వెళ్ళినవాడు
జనవరి ఆఖరుదాకా సెలవులోనే.
అందాకా మాకున్న వెలుగంతా
మా బల్ల కింద వెలిగేదే.
తెల్లటి గాజు, గాజు మీద కాడ్ చేప ముక్క,
ముక్కలో ఎక్కడో
దారప్పోగులా చుట్టుకుని పడుకున్న పురుగు.
వెతకాలి, లాగాలి, తోసెయ్యాలి.
నిమిషానికి నాలుగు ముక్కలు.

ఆరేళ్ళు ఇదే చేశాను.
చేతులు చలిలో, ప్రాణం గోడ గడియారంలో.
గానుగెద్దుకైనా కళ్ళకు గంతలుంటాయి,
నాకు కళ్ళతోనే పని.

ఒకరోజు కాఫీ గదిలో కాగితాలు పంచారు,
రేక్యావిక్ ఆఫీసు పంపినవి.
"మీ పనిలో మీ మనసు ఎంత ఉంది?"
కింద ఐదు మొహాలు,
ఏడ్చేదాని నుంచి ఇకిలించేదాకా.
రెండో మొహానికి సున్నా చుట్టాను
కాగితం చిరిగేంత గట్టిగా.
కారణం అడిగిన చోట రాశాను:
ఇక్కడ నన్నెవరూ పట్టించుకోరు.

పక్కన స్వాన్‌హిల్దుర్,
ముప్పై ఒక్కేళ్ళుగా ఈ బల్ల దగ్గరే,
రెండు మోకాళ్ళూ మార్పించుకున్న మనిషి,
మొహమాటం లేకుండా తొంగి చూసింది.
"మరి నువ్వో?"
"నేనేంటి?"
"నువ్వు పట్టించుకుంటున్నావా?"
కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

ఒళ్ళు మండింది.
యజమాని మాట ఈమె నోట్లోకెలా దూరిందనుకున్నాను.
ఆ కోపంతోనే కాబోలు
ఆ మధ్యాహ్నమంతా ఆమె చేతులనే చూశాను.
ముక్కని ఎత్తి, చిన్నగా వంచి, వెలుగుకి చూపిస్తే
దొంగ తనంతట తానే లొంగిపోయినట్టు
పురుగు బయటపడేది.
ఆరేళ్ళుగా నా మోచేతి పక్కనే ఉన్న చేతులు!

మర్నాడు నోరు తెరిచి అడిగాను.
"పురుగుని వెతక్కు, నీడని వెతుకు" అంది,
"పొట్ట వైపు మొదలుపెట్టు."

ఆ వారమే డ్యూటీ దిగి రేవుకి వెళ్ళాను,
ఈ చేపల్ని ఎక్కడ పడతారని.
పడవలో వల బాగుచేసుకుంటున్న థోర్గ్నీర్
నన్ను ఎగాదిగా చూశాడు.
ఫ్యాక్టరీ వాళ్ళెవరూ ఇదివరకు అడగలేదట.
సీళ్ళు తిరిగే ఒడ్డు దగ్గర పట్టినదైతే
పురుగులు ఎక్కువుంటాయని చెప్పాడు.
ఇప్పుడు పెట్టె మీద పడవ పేరు చదవగానే
నా వేళ్ళు ముందే సర్దుకుంటాయి.

బల్ల ఎత్తు పెంచమని ఫోర్‌మన్‌ని అడిగాను.
రెండుసార్లు చూద్దామన్నాడు.
మూడోసారి రెంచీతో వెళ్ళాను.

జీతం సంగతంటారా,
అదీ అడుగుతూనే ఉన్నాను,
యూనియన్ మీటింగులో ఇప్పుడు ముందు వరసలో కూచుని.
మనసు పెట్టినవాడికి
నోరు ఇంకాస్త పెద్దదవుతుంది.
అన్ని రోజులూ ఇలా ఉండవు లెండి.
కొన్నాళ్ళు చేప చేపే, చలి చలే,
గడియారం ముల్లు ముల్లే.

నిన్న కొండ అంచున సూర్యుడు
తొమ్మిది నిమిషాలు కనిపించి పోయాడు.
ఆనవాయితీ ప్రకారం కాఫీ, పల్చటి పాన్‌కేకులు.
కిటికీలోంచి ఎండ గాజు మీద పడితే
"నీడ కనబడి చావదు, తెర లాగండి!"
అని స్వాన్‌హిల్దుర్ కేకలు.
ఆ సందట్లోనే మళ్ళీ కాగితాలొచ్చాయి.
అవే ఐదు మొహాలు.

మూడోదానికి సున్నా చుట్టాను.
కారణం అడిగిన చోట రాశాను:
బల్ల ఇంకో రెండు సెంటీమీటర్లు లేవాలి,
నాకు కాదు, కొత్తగా చేరిన పొడుగమ్మాయికి.
పేరు రాయనక్కర్లేదని పైన అచ్చేసి ఉంది.
మడిచే ముందు
సంతకం పెట్టాను.