పడని ముద్ర

కాశీబుగ్గ బస్టాండు ఎదర
రెండు కంపెనీల రంగులు కలిపి కుట్టిన గొడుగు నాది.
ఒక పక్క కొత్త సిమ్ములు,
రెండో పక్క ఉన్న నంబరుతోనే కంపెనీ మార్చడం.
ఏ పక్కన కూచున్నా
ఎండ మోకాళ్ల దాకా వస్తుంది.

బమ్మిడి కూర్మమ్మ సోమవారం వచ్చింది.
ఒళ్లంతా కాల్చిన జీడిపిక్కల వాసన.
"ఈ కంపినీ ఒగ్గేత్తాను బాబూ.
రాత్రేల మేస్త్రి ఫోను కలవనేదు.
కలవకపోతే తెల్లారి నా పీట మీద ఇంకోలు కూకుంతారు.
ఈ నెల్ల నాలుగు కూలీలు పోనాయి."

పదహారేళ్ల నంబరు.
రేషను కార్డు వెనక, డ్వాక్రా పుస్తకంలో,
బట్టీ గోడ మీద బొగ్గుతో,
ఆమె పేరు కంటే ఎక్కువ చోట్ల ఉంది.
నంబరు ఉంటుంది, కంపెనీ పోతుందన్నాను.
నా యాభై రూపాయల కమీషను తలుచుకుని
కాస్త ఎక్కువే నవ్వాను.

మెసేజి పంపాం.
కోడు కోసం రైలు గేటు దాకా నడిచాం.
వచ్చింది.

ఇక వేలు.
అగ్గిపెట్టెంత యంత్రం, గాజు కింద ఎర్ర దీపం.
బొటనవేలు పెట్టింది. సరిపోలలేదు.
చూపుడువేలు. సరిపోలలేదు.
కొంగుతో తుడిచి, సబ్బుతో కడిగి,
పక్క కొట్లో కొబ్బరినూనె అడిగి రాసి
పది వేళ్లూ అయ్యాయి.
దయచేసి మళ్లీ ప్రయత్నించండి, అంది ఫోను
చాలా మర్యాదగా.

అప్పుడు చూశాను ఆ వేళ్లని.
జీడి సొన తిన్న వేళ్లు.
కొసలు నల్లగా, నున్నగా,
ఏటి ఒడ్డు గులకరాళ్లలా.
ఇరవై రెండేళ్లు పిక్క కొట్టిన చెయ్యి.
గీతలన్నీ పప్పుతో పాటు
రేకు డబ్బాలెక్కి ఏ ఊరు పోయాయో.

"నా ఏలు నన్నే ఎరగనంతందేటి బాబూ?"
తనే నవ్వింది.
పాత సిమ్మే వేసుకుని వెళ్లిపోయింది.

గురువారం పాత కంపెనీ కుర్రాడొచ్చాడు,
మెడలో ట్యాగు, చేతిలో జాబితా.
పదిహేనేళ్లు దాటినా మనల్ని వదలని కస్టమరు,
మండలానికి ఒకరు, ఫొటోతో కావాలట.
మొదటి పేరు కూర్మమ్మది.
ఇల్లు చూపించింది నేనే.

చేతికి ఎర్ర అట్ట గుండె ఇచ్చాడు.
"పదహారేళ్ల ప్రేమ" అని దాని మీద.
వేళ్లు కనపడకుండా పట్టుకోమన్నాడు.
"టవరు ఎప్పుడు బాగు సేత్తారు?" అంటుంటే
"అమ్మా, కొంచెం నవ్వు" అన్నాడు.

ఫొటో ఎక్కలేదు. గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోయింది.
నా ఫోను అడిగాడు.
అందులో ఉన్నది పోటీ కంపెనీ సిమ్ము.
ప్రేమ దాని మీదుగానే వెళ్లింది.

చీకటి పడేసరికి పదకొండు వేల లైకులు.
కింద కంచిలి నుంచి ఎవరో: మాకు వారం నుంచి సిగ్నల్ లేదు.
రెండు నిమిషాల్లో జవాబు:
మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం,
నంబరు ఇన్‌బాక్సులో పంపండి.
పక్కన దండం పెట్టే చేతుల బొమ్మ.
సోంపేట నుంచి ఇంకొకరు.
అదే చింత. అవే చేతులు.
దగ్గరగా లాగి చూశాను.
పసుపుపచ్చగా, నున్నగా.
ఆ చేతులకీ గీతల్లేవు.

నేనూ రాశాను ఒక ముక్క:
ఆమె ఉండిపోయింది ప్రేమతో కాదు, వేలు పడక.
పంపబోయి, తలెత్తితే గొడుగు కనపడింది.
సగం వాళ్లదే.
చెరిపేశాను.

కూర్మమ్మ ఆ ఫొటో చూడలేదు.
ఆమెది బటన్ల ఫోను.
రాత్రి ఎనిమిదికి ఇంటెనక
జీడితొక్కల గుట్ట ఎక్కి నిలబడుతుంది.
తొక్కలు జారుతుంటే కాళ్లు సర్దుకుంటూ
ఫోను మొహం కేసి చూస్తుంది,
గీతలు ఎన్నున్నాయా అని.

ఒకటి.
పోయింది.
ఉండు, ఉండు, మళ్లీ ఒకటి.