కాగితం గొలుసు

టొలీడోలో మార్చి నెలంటే
మంచు కరగదు, మురికవుతుంది, అంతే.
వంటింటి తలుపుకి అరవై మూడు కాగితం రింగుల గొలుసు.
ఎమెట్ తన లెక్కల పేపర్లు కత్తిరించి చేశాడు.
వద్దనేలోపే జిగురు ఆరిపోయింది.
ప్రతి రింగు మీదా ఎర్ర సిరా ముక్కొకటి:
సగం సున్నా, తోకలేని ప్రశ్నార్థకం,
"మళ్ళీ చె" దాకా వచ్చి ఆగిపోయిన మాట.
రాత్రికొకటి చించుతాం.
అన్నీ చిరిగిన రోజున ఫ్లోరిడా.

కాదనడమే నా ఉద్యోగం.
మర్యాదగా కాదనడం.
ఇన్సూరెన్స్ కంపెనీ, మూడో అంతస్తు,
కిటికీకి ఆరు కుర్చీల ఇవతల.
"మీ మోకాలు మా జాబితాలో లేదండీ" అంటాను.
"మీ సహనానికి కృతజ్ఞతలు" అంటాను.
"ఏ సహనం?" అన్నాడొక ముసలాయన,
"నలభై నిమిషాల నుంచి మీ పాడు సంగీతం వింటున్నా."
కాల్ ఆరు నిమిషాలు దాటితే
తెర అంచు నారింజ రంగుకి తిరుగుతుంది.
అటునుంచి సూపర్‌వైజర్ డెల్బర్ట్ కుర్చీ చక్రాలు
ఇటు దొర్లుతున్న చప్పుడు.

ఎమెట్‌కి బళ్ళో ఆ వారం భిన్నాలు.
హారాలు వేరైతే ఊరికే కలిపేయకూడదట.
వాళ్ళ నాన్నకీ నాకూ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.
మిస్ అబర్నతీ చీటీ రాసింది:
"చెయ్యెత్తడు. అడిగితే కిటికీలోంచి చూస్తాడు."
పోనీలే, మా ఇద్దరిలో ఒకరికైనా కిటికీ దొరికింది.
సంతకం పెట్టి పంపాల్సిన పరీక్ష పేపరు
ఏప్రిల్ పన్నెండో తారీఖు రింగైపోయిందని
వాడికీ తెలుసు, నాకూ తెలుసు.
ఇద్దరం ఆ ఊసే ఎత్తలేదు.

రెండు రోజులు కారు.
కెంటకీలో వాన, జార్జియాలో వాంతి.
పార్కులో నీళ్ళ సీసా ధర చదవగానే
నా దాహం తీరిపోయింది.
రాకెట్ రైడ్ దగ్గర బోర్డు:
ఇక్కణ్ణుంచి తొంభై నిమిషాలు.
తాళ్ళ మధ్య మెలికలు తిరిగిన చీమలబారు.
ముందు పసుపు చొక్కాల బ్రెజిల్ పిల్లలు,
వెనక మడతకుర్చీ మోసుకొచ్చిన ఒక బామ్మ,
నెత్తి మీద స్పీకర్లో
నాలుగోసారి తిరిగొచ్చిన అదే ట్యూను.
అప్పుడు తగిలింది నాకు.
ముసలాయన పేరుతో సహా గుర్తొచ్చాడు:
ఆర్విల్ స్టబిన్స్. ఎడమ మోకాలు.

"కాళ్ళు లాగుతున్నాయా?" అని అడిగాను వాణ్ణి.
"లేదు. నాకు లైనే బాగుంది."
"లైనా?"
"ఇక్కడ ఎవరూ ముందు చెయ్యెత్తరు.
మెల్లగా నడిచినా నీ వంతు నీకొస్తుంది."
ఐసుముక్క కరకరా నములుతూ
ముందున్న జనాన్ని ఇరవై నాలుగేసి చొప్పున
లెక్కపెట్టడం మొదలెట్టాడు.
తప్పు పెట్టాడు.
నేను దిద్దలేదు.

రైడ్ రెండు నిమిషాల పదకొండు సెకన్లు.
నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.
దిగాక, ఫోటో కౌంటర్లో చూశాను:
మా వరసలో వాడొక్కడే
రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తి
నోరంతా తెరిచి ఉన్నాడు.
ముప్పై రెండు డాలర్లు. కొన్నాను.
నీళ్ళ బిల్లు ఎలాగూ ఆలస్యమే.

సోమవారం ఆ ఫోటో వెనక సంతకం పెట్టి
మిస్ అబర్నతీకి పంపాను.
మంగళవారం అది తిరిగొచ్చింది:
"చాలా బాగుంది. పరీక్ష పేపరు ఎక్కడ?"

గురువారం ఆయనే మళ్ళీ లైన్లోకి వచ్చాడు.
ఫైల్లో ఇంకా 'కాదు' అనే ఉంది.
దాన్ని మార్చే మీట నా దగ్గర లేదు.
"ఎంతసేపు నిలబెట్టామండీ మిమ్మల్ని?" అన్నాను.
మాకిచ్చిన కాగితంలో లేని వాక్యం అది.
అవతల కాసేపు ఊపిరి మాత్రమే.
"కూర్చునే ఉన్నానమ్మా," అన్నాడు,
"నిలబడలేకే కదా ఈ గోల."
నవ్వొచ్చింది నాకు. ఆయనకీ వచ్చినట్టుంది.
తెర అంచు నారింజకి తిరిగింది.
చక్రాలు దొర్లుతున్నాయి.
"ఎడమదే కదూ," అన్నాను, "చెప్పండి."